యాప్‌లో గాలి చూసేటప్పుడు స్పీడ్ ఒక్కటే కాదు, గస్ట్ కూడా చూడండి

ఉద్దానంలో కొబ్బరో జీడో ఉన్నోళ్లకి, రేకుల షెడ్డు ఏసుకున్నోళ్లకి, పెళ్లికి షామియానా కట్టించేవోళ్లకి ఇది పనికొస్తాది. చాలామంది ఫోన్లో గాలి 18 అని చూసి ఏటీ లేదులే అనుకుంటారు, సాయంత్రానికి రేకులు పక్కోళ్ల కళ్లంలో ఉంటాయి.

ముందు ఆ 18 ఏ లెక్కలో ఉందో చూడండి. విండీ అనే గాలి చూపించే యాప్‌లో చాలా ఫోన్లకి నాట్స్‌లో వస్తాది, ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు, అంటే 18 నాట్స్ 33 కిలోమీటర్లన్నమాట. అదే సెకనుకి మీటర్ల లెక్కైతే 3.6తో హెచ్చేయాలి, అప్పుడు 65, అది తమాషా గాలి కాదు. సెట్టింగ్స్‌లో కిలోమీటర్లు పెట్టేసుకుంటే ఈ గోలే ఉండదు.

ఇంక అసలు సంగతి. స్పీడ్ అని చూపించేది సగటు. గస్ట్ అంటే మధ్యమధ్యలో కొన్ని సెకన్లు వచ్చే విసురు. శ్రీకాకుళం నుంచి టెక్కలి ఎల్లే బస్సు సగటు 40 పడినా హైవే మీద 80 తొక్కుతాడు కదా, ఇదీ అంతే. కొమ్మ విరిగేది, రేకు లేచేది ఆ విసురుకే, పైగా గాలి స్పీడ్ రెట్టింపైతే తోపుడు నాలుగు రెట్లవుతాది, కాబట్టి 30కీ 60కీ తేడా డబుల్ అనుకోకండి. వాతావరణ శాఖ బులెటిన్‌లో "45-55, ఒక్కోసారి 65" అంటారే, ఆ చివరి అంకె పట్టుకోండి. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కూడా 140-150, విసురు 165 అనే చెప్పారు.

అయితే యాప్‌కి మీ ఊరు తెలీదు. అది పది ఇరవై కిలోమీటర్ల గడులు గీసి ఒక్కో గడికి ఒక లెక్క కడతాది, అందులో బారువ ఇసుక దిబ్బా ఉంటాది, లోపల జీడితోటా ఉంటాది. సముద్రం ఒడ్డున యాప్ చెప్పినదానికంటే ఎక్కువే అనుకోండి, తోటల మధ్య తక్కువ, రెండు కొండల సందులో ఐతే చెప్పలేం. కొన్నాళ్లు మీరే సరిచూసుకోండి: రోడ్డు మీద దుమ్ము, కాగితాలు లేస్తే 20-28 మధ్య, చిన్న చెట్లు మొత్తం ఊగితే 30 పైన, పెద్ద కొమ్మలు కదిలి గొడుగు పట్టుకోడం కష్టమైతే 40 దాటినట్టే.

తోటకి పురుగుల మందు కొట్టాలంటే పొద్దున్నే కొట్టేయండి, పది పదకొండు దాటాక సముద్రపు గాలి అందుకుంటాది.

ఏప్రిల్, మే సాయంత్రాలు మాత్రం యాప్‌ని నమ్ముకోకండి, నాకైతే అస్సలు నమ్మకం లేదు. చీపురుపల్లి, రాజాం వైపు పడమర నల్లగా కమ్మి, ఉక్కపోతలోంచి ఒక్కసారి చల్లటి గాలి కొట్టిందంటే అది మబ్బు కిందకి దించిన గాలి, నిమిషాల్లో ఈదురుగాలి వచ్చేస్తాది. అది మొన్నటి ఫోర్‌కాస్ట్‌లో కనిపించదు, అప్పటికప్పుడు వాతావరణ శాఖ ఇచ్చే మూడు గంటల హెచ్చరికలు, పిడుగులకి దామిని యాప్ చూసుకోవాలి.

దిక్కు కూడా చూడండి. ఉత్తర గాలి అంటే ఉత్తరం నుంచి వచ్చేది, ఉత్తరానికి పోయేది కాదు. తుఫాను టైంలో గాలికి వీపు పెట్టి నిలబడితే కేంద్రం ఇంచుమించు మీ ఎడం చెయ్యి వైపు ఉన్నట్టు. కేంద్రం సరిగ్గా మీ ఊరి మీద నుంచి ఎల్తే గాలి ఒక్కసారి ఆగిపోతాది, అయిపోయిందనుకుని జనం బయటకొచ్చేస్తారు, కాసేపటికి అంతే జోరుగా ఎదురు దిక్కు నుంచి కొడతాది. అందుకే షెడ్డుకి తాళ్లు గాలొచ్చే వైపు ఒక్కటే కట్టి ఊరుకోకండి, రెండో వైపూ బిగించండి.