గ్యాలన్ల లెక్కలో ఉన్న డోసును మన డ్రమ్ముకు ఎలా మార్చాలి?

అనంతపురం, కడప చీనీ తోటల్లో మందు కలిపేది 200 లీటర్ల డ్రమ్ములోనో, 16 లీటర్ల ట్యాంకులోనో. విదేశాల నుంచి వచ్చిన వేపనూనె, సముద్రపు నాచు ద్రావణం డబ్బాల మీద మాత్రం గ్యాలన్లు, క్వార్టులు, ఔన్సులు కనిపిస్తాయి. (రసాయన పురుగుమందులకైతే ఈ లెక్కలేవీ వద్దు, మన దేశపు లేబుల్ మీదున్న డోసే కొట్టాలి.)

ముందు డబ్బా తిప్పి ఏ దేశపుదో చూడండి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546 లీటర్లు. ఏదైనా గ్యాలన్‌కు 4 క్వార్టులే. అందుకే అమెరికా క్వార్టు 946 మి.లీ., బ్రిటిష్ క్వార్టు 1,137 మి.లీ.

"100 గ్యాలన్ల నీటికి 1 క్వార్టు" అని ఉంటే లీటర్లలోకి మార్చే పనే లేదు. 100 గ్యాలన్లంటే 400 క్వార్టులు, అంటే 400 పాళ్ల నీటికి ఒక పాలు మందు. లీటరుకు 2.5 మి.లీ., ట్యాంకుకు 40 మి.లీ., డ్రమ్ముకు అర లీటరు. ఏ దేశపు గ్యాలనైనా ఇంతే. ఫోన్‌లో క్వార్టును అమెరికా లెక్కన, గ్యాలన్‌ను బ్రిటిష్ లెక్కన మారిస్తేనే తప్పొస్తుంది. లీటరుకు 2.08 మి.లీ. అని తేలి, మందు ఆరో వంతు తగ్గిపోతుంది.

ఔన్సులైతే దేశం తెలియకుండా కలపొద్దు. అమెరికా గ్యాలన్‌లో 128 ఔన్సులు, బ్రిటిష్ గ్యాలన్‌లో 160. "గ్యాలన్‌కు 1 ఔన్సు" అంటే 16 లీటర్ల ట్యాంకుకు అమెరికా లెక్కన 125 మి.లీ., బ్రిటిష్ లెక్కన 100 మి.లీ. వేపనూనె పావు వంతు ఎక్కువ పడితే మన ఎండలకు లేత ఆకు మాడే ప్రమాదం ఉంది. పొడి మందుకు ఔన్సంటే బరువు, 28.35 గ్రాములు. దాన్ని తూకం వేయాల్సిందే.

"ఎకరాకు 2 క్వార్టులు" అంటే అసలు పరిమాణమే కావాలి. అమెరికా లెక్కన 1,892 మి.లీ. ఎకరాకు నాలుగు డ్రమ్ముల నీళ్లు పడితే, డ్రమ్ముకు 473 మి.లీ.

కొలవడానికి సీసా మూత వాడొద్దు, మూతలన్నీ ఒక సైజు కాదు. మెడికల్ షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి, గీతలున్న కొలత గ్లాసు చాలు. డ్రమ్మునూ నమ్మొద్దు. ఇనుప డ్రమ్ము అసలు కొలత 55 అమెరికా గ్యాలన్లు, అంటే 208 లీటర్లు. ఒక్కసారి 10 లీటర్ల బకెట్‌తో 20 బకెట్లు పోసి, నీళ్లు నిలిచిన చోట పెయింటుతో గీత గీసుకోండి. ఆ గీత దాకానే నింపండి.