చిన్న స్పీకర్లు, సరైన చోటు – మూడో పాఠం: స్టాండు, టేపు, వెనక గోడ

కిందటి పాఠంలో వైర్లు కలిపాం. మొదలుపెట్టే ముందు ఒక్కసారి మళ్లీ చూడండి: రెండు స్పీకర్లకూ ఎర్రది ఎర్రదానికే, నల్లది నల్లదానికే కలిసిందా? ఒక స్పీకర్‌కు తిరగబడితే బేస్, అంటే లోతైన బరువైన ధ్వని, పలచబడిపోతుంది, పాడే గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుచిక్కదు. ఆ తప్పు ఉండగా స్పీకర్లను ఎక్కడికి జరిపినా ఉపయోగం లేదు.

ఇవాళ కావలసినవి కొలత టేపు, తీసేస్తే మరక మిగలని పేపరు టేపు, కాగితం, పెన్ను. వీలైతే సాయానికి ఒక మనిషి. వినడానికి మీకు బాగా తెలిసిన పాట ఒకటి తీసుకోండి. అందులో ఒకే గొంతు మధ్యలో వినబడాలి, వాద్యాలు తక్కువగా ఉండాలి. పాఠం అయ్యేదాకా అదే పాట, అదే వాల్యూమ్.

ముందు స్టాండు ఎత్తు. రోజూ కూర్చునే కుర్చీలో, రోజూ కూర్చునేలాగే కూర్చోండి. నేల నుంచి మీ చెవి దాకా కొలవమనండి. 95 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. స్పీకర్ అడుగు నుంచి ట్వీటర్ (సన్నని స్వరాలు పలికే చిన్న భాగం) మధ్య దాకా 25 ఉంటే, మీకు కావలసిన స్టాండు 70 సెంటీమీటర్లది. బజారులో ఎక్కువగా కనిపించేవి 60 సెంటీమీటర్లవి. ఆ పది తక్కువైందని కంగారు పడకండి. స్పీకర్ ముందు అంచు కింద చిన్న రబ్బరు ముక్కలు పెట్టి, ట్వీటర్ చెవివైపు చూసేలా కాస్త వెనక్కి వాల్చండి చాలు.

ఈ ఎత్తు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, చిన్న స్పీకర్లలో చాలావరకు వూఫర్ (లోతైన స్వరాలు పలికే పెద్ద భాగం), ట్వీటర్ రెండే ఉంటాయి. సుమారు 2,500 హెర్ట్జ్ (అంటే సెకనుకు 2,500 కంపనాలు) దగ్గర రెండూ కలిసి ఒకే స్వరాన్ని పలుకుతాయి. అక్కడ ఒక తరంగం పొడవు 14 సెంటీమీటర్లే. చెవి బాగా పైకో కిందికో జరిగితే, రెండింటి నుంచి వచ్చే ధ్వని వేర్వేరు దూరాలు నడిచి వస్తుంది. ఆ తేడా 7 సెంటీమీటర్ల దగ్గరికి చేరితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మాటలో స్పష్టత ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే.

స్టాండు ఊగకూడదు. పైన చెయ్యి పెట్టి తోసి చూడండి. ఊగితే కింది మరలు సర్దండి. స్పీకర్‌కూ పైపలకకూ మధ్య నాలుగు మూలల్లో మెత్తటి అంటుముద్దలు, శనగగింజంతవి, పెట్టండి. పిల్లలున్న ఇంట్లో ఇది తప్పనిసరి. వైరు నడిచే దారిలో పడకుండా స్టాండు కాలికి కట్టేయండి.

ఇప్పుడు త్రిభుజం. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కో స్పీకర్ నుంచి మీ తల దాకా కూడా అంతే ఉండాలి. రెండు మీటర్లు మంచి ఆరంభం. కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. కానీ ఎడమ స్పీకర్ దూరం, కుడి స్పీకర్ దూరం మాత్రం ఒక సెంటీమీటరు తేడా కూడా లేకుండా సమానంగా ఉండాలి. ఈ విషయంలో నేను రాజీపడను. ఒకప్పుడు నా గదిలో గొంతు ఎప్పుడూ ఎడమకు లాగేది. కుడి స్పీకర్ పాడైందనుకుని నెలల తరబడి టెన్షన్ పడ్డాను. చివరికి టేపు పెట్టి చూస్తే ఎడమ స్పీకర్ నాకు 12 సెంటీమీటర్లు దగ్గరగా ఉంది. అంటే దాని ధ్వని సెకనులో మూడువేలో వంతు ముందుగా చేరుతోంది. ముందుగా వినబడినవైపే గొంతు ఉన్నట్టు మన చెవి భావిస్తుంది.

ఇక వెనక గోడ, అంటే స్పీకర్ల వెనక ఉన్న గోడ. ఈ పాఠంలో ఎక్కువ సమయం దీనికే ఇవ్వండి. స్పీకర్లు మార్చినా, యాంప్లిఫయర్ మార్చినా రాని మార్పు కొన్నిసార్లు ఒక జానెడు జరిపితే వస్తుంది.

బేస్ ధ్వని ముందుకే రాదు, పెట్టె చుట్టూ తిరిగి వెనక్కి కూడా పోతుంది. గోడను తాకి తిరిగొచ్చి, నేరుగా వచ్చే ధ్వనితో కలుస్తుంది. అలా వెళ్లిరావడంలో సగం తరంగం వెనకబడిన స్వరం దగ్గర రెండూ ఎదురుపడి బలం పోగొట్టుకుంటాయి. ఆ స్వరమేదో సుమారుగా మీరే లెక్క కట్టవచ్చు. వూఫర్ ముఖం నుంచి వెనక గోడకు ఎన్ని మీటర్లో కొలిచి, 86ను దానితో భాగించండి. 60 సెంటీమీటర్లయితే 143 హెర్ట్జ్. మగగొంతు నిండుదనం ఉండేది ఆ చుట్టుపక్కలే. మీటరు దూరమైతే 86 హెర్ట్జ్, 30 సెంటీమీటర్లయితే 287. గోడకు దగ్గరవుతున్నకొద్దీ అడుగు బేస్ బలపడుతుంది. అదే మితిమీరితే మాటలు డబ్బాలోంచి వస్తున్నట్టు ఉంటాయి.

అందుకే ఏ దూరం మంచిదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, మీ గదిలో మీరే వినాలి. వూఫర్ గోడకు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండగా మొదలుపెట్టండి. పాట ఒక నిమిషం విని, రెండు స్టాండ్లనూ పదేసి సెంటీమీటర్లు ముందుకు జరపండి. మళ్లీ వినండి. మీటరు దాకా ఇలాగే వెళ్లండి. స్టాండ్లతోపాటు కుర్చీ కూడా అంతే జరగాలి, లేకపోతే త్రిభుజం చెడిపోతుంది. ప్రతి చోటా నేల మీద పేపరు టేపు ముక్క అంటించి అంకె వేయండి. కాగితం మీద ఆ అంకె పక్కన ఒక్క మాట రాయండి: పలచన, నిండు, మొద్దు, ఏదనిపిస్తే అది.

రెండు జాగ్రత్తలు. వూఫర్ నుంచి వెనక గోడకు, పక్క గోడకు, నేలకు ఉన్న దూరాలు మూడూ ఒకటే కాకుండా చూడండి. లేదంటే మూడు లోపాలూ ఒకే స్వరం మీద పడతాయి. రెండోది, కుర్చీని గది పొడవుకు సరిగ్గా మధ్యలో వేయకండి. నాలుగు మీటర్ల గదిలో 43 హెర్ట్జ్ దగ్గరి ధ్వని నట్టనడుమ దాదాపు మాయమై, గోడల దగ్గర పోగుపడుతుంది.

వచ్చే పాఠానికి ఇంటిపని: బాగున్నాయనిపించిన రెండు గుర్తులు ఉంచి మిగతా టేపు ముక్కలు తీసేయండి. ఒక్కోచోట మూడేసి రోజులు స్పీకర్లు ఉంచి వినండి. అప్పుడు ఒకటి ఎంచుకుని, దాని కొలతలు రాసుకుని రండి. ఆ చోటు నుంచే స్పీకర్లను లోపలికి ఎంత తిప్పాలో, పక్క గోడ మీద అద్దం ఎందుకు పట్టుకోవాలో చూద్దాం.