కార్డు కనిపిస్తోంది, చదివితే మాత్రం అన్నీ ఎఫ్‌లే

లినక్స్‌లో ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు (మదర్‌బోర్డులో బిగించేది) రిజిస్టర్లను, అంటే దాని లోపలి చిన్న మెమరీ గదులను, డ్రైవర్ లేకుండా నా చిన్న ప్రోగ్రాంతో చదవాలనుకున్నాను. కార్డు మెమరీని చూపే రిసోర్స్0 ఫైల్‌ను ఎమ్‌మ్యాప్ చేస్తే (అంటే నా ప్రోగ్రాం అడ్రస్‌లకు జతచేస్తే) ఎర్రర్ ఏమీ రాలేదు. కానీ ఏ అడ్రస్ చదివినా ఎఫ్‌ఎఫ్‌లే. కార్డు పోయిందేమోనని టెన్షన్. తీసి మళ్లీ బిగించాను, అదే కథ.

అప్పుడు పీసీఐ కార్డుల వివరాలు చూపే ఎల్‌ఎస్‌పీసీఐ కమాండ్‌తో కాన్ఫిగరేషన్ స్పేస్ (కార్డు గుర్తింపు, సెట్టింగులు ఉండే చోటు) చూశాను. రూట్‌గా (అడ్మిన్‌గా) నడపకపోతే మొదటి 64 బైట్లే కనిపిస్తాయి, నాకు అవే చాలు. మొదటి 4 బైట్లలో వెండర్ (తయారీదారు), డివైస్ ఐడీలు సరిగ్గానే ఉన్నాయి. అంటే కార్డు బతికే ఉంది! ఆ పక్కనే, 04 ఆఫ్‌సెట్ దగ్గర, కమాండ్ రిజిస్టర్: 00 00. అక్కడ దొరికింది దొంగ. అందులో 1వ బిట్ (లెక్క 0 నుంచి) ఆన్ అయితేనే కార్డు మెమరీ రీడ్‌లకు బదులిస్తుంది. మామూలుగా ఆ పని డ్రైవర్ చేస్తుంది, ఇక్కడ డ్రైవరే లేదు. బదులు రాకపోతే ప్రాసెసర్‌కు అన్నీ 1లే అందుతాయి, హెక్స్‌లో (16 ఆధారంగా రాసే అంకెల్లో) నాలుగు 1 బిట్లు కలిస్తే ఒక ఎఫ్, అవే నా ఎఫ్‌లు.

ఈ రిజిస్టర్లను మార్చే సెట్‌పీసీఐతో కమాండ్ రిజిస్టర్‌కు 02:02 రాశాను. కోలన్ తర్వాతిది మాస్క్, ఏ బిట్లు మార్చాలో చెప్పేది. అది ఇస్తే మిగతా బిట్లు చెడవు. విలువలన్నీ హెక్సే, 10 అంటే పదహారు (ఇక్కడ నేను ఒకసారి బోర్లా పడ్డాను). మళ్లీ చూస్తే 02 00, ప్రోగ్రాంలో అసలు విలువలు.

తర్వాత తెలిసింది, సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కర్నెల్ తన దగ్గరి డివైస్‌లను ఫైళ్లుగా చూపే చోటు) అదే కార్డు ఫోల్డర్‌లో ఉన్న ఎనేబుల్ ఫైల్‌లో 1 రాస్తే కర్నెలే ఈ పని చేస్తుందని. ఇప్పుడు నా స్క్రిప్ట్‌లో ఉన్నది అదే.