కొండ దిగేటప్పుడు కాలి గోళ్లు నల్లబడకుండా

శ్రీకాకుళం జిల్లా మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కినప్పుడు ఆయాసం తప్ప ఇబ్బందేమీ లేదు. ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లు. దిగేటప్పుడే పాదం ముందుకు జారి, బొటనవేలు షూ ముక్కుకు టక్కుటక్కున కొట్టుకుని గోరు నల్లబడిపోయింది. అది ఊడి కొత్తది రావడానికి నెలలు పట్టింది.

ఇప్పుడు లేసు ఇలా కడుతున్నాను. చీలమండ దగ్గర షూకి పైన చివరి రెండు రంధ్రాలు ఉంటాయి కదా, చాలామంది ఆఖరిదాన్ని వదిలేస్తారు. లేసును అటువైపుకి దాటించకుండా, అదే వైపు పై రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి. రెండో వైపూ అంతే. తర్వాత కుడి కొసను ఎడమ ఉచ్చులోంచి, ఎడమ కొసను కుడి ఉచ్చులోంచి తీసి, మడమను వెనక్కి ఆనించి లాగి ముడేయాలి. ఇక పాదం కదలదు. దిగే ముందు కడితే చాలు, ఎక్కేటప్పుడు వదులుగానే ఉంచుకోవచ్చు.

ఇలా కట్టుకుని, అదే జిల్లాలోని శాలిహుండం బౌద్ధ క్షేత్రం కొండ మెట్ల మీద ఒకసారి దిగి చూసుకోండి. 5,895 మీటర్ల కిలిమంజారో దిగేవాళ్లకైనా ఇదే ముడి.

షూ సైజే చిన్నదైతే మాత్రం ఇది పనిచేయదు. పాదం తిమ్మిరెక్కితే వెంటనే వదులు చేయండి.