పటం కట్టించిన పెళ్లి కాగితం

టెక్సాస్‌లో మా పెళ్లికి కౌంటీ క్లర్క్ ఇచ్చిన లైసెన్సును ముచ్చటపడి పటం కట్టించాను. వీసా పనికి ధ్రువీకరించిన నకలు అడగబోతే, మీ పెళ్లి మా రికార్డుల్లోనే లేదన్నారు. మూడు ముళ్లు, ఏడడుగులు, 300 మంది భోజనాలు... ఏవీ లెక్కలోకి రాలేదు!

లైసెన్సు అనుమతి మాత్రమేనని అప్పుడు తెలిసింది. తీసుకున్నాక మామూలుగా 72 గంటలు ఆగి, 90 రోజుల గడువులో పెళ్లి చేసుకోవాలి. పెళ్లి జరిపించిన పురోహితుడు తేదీ, కౌంటీ పేరు రాసి, సంతకం చేసి, 30 రోజుల్లోపు క్లర్క్‌కు తిప్పి పంపాలి. బాధ్యత ఆయనది, కాగితం దాచుకున్నది నేను. నయం, అప్పటికి 25వ రోజే. పటం ఊడదీసి, ఖాళీగా వదిలేసిన కౌంటీ పేరు పంతులుగారితోనే రాయించి, స్వయంగా పట్టుకెళ్లి ఇచ్చాను. నమోదయ్యాక నకళ్లు మూడు తీసుకున్నాను. పటంలో ఇప్పుడు పెళ్లి ఫోటో ఉంది.