అసైలం తీర్పు చదవడం ఎలా? 4వ పాఠం: వాస్తవం దగ్గర తప్పా, చట్టం దగ్గర తప్పా?

అసైలం (స్వదేశంలో వేధింపుల భయం ఉన్నవాళ్లకు ఇచ్చే ఆశ్రయం) ఇవ్వడానికి ఇమ్మిగ్రేషన్ జడ్జి కాదన్నాక కేసు బోర్డ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అప్పీల్స్‌కి ఎలా వెళ్తుందో పోయిన పాఠంలో చూశాం. బోర్డు కూడా కొట్టేస్తే అమెరికాలో తర్వాతి మెట్టు సర్క్యూట్ కోర్టు, అంటే ప్రాంతాల వారీగా ఉండే ఫెడరల్ అప్పీల్ కోర్టు. 30 రోజుల్లో రివ్యూ పిటిషన్ వేయాలి. వేసినంత మాత్రాన డిపోర్టేషన్ ఆగదు, స్టే విడిగా అడుక్కోవాలి. దాని సంగతి వచ్చే పాఠంలో.

ఈ కోర్టు కొత్త సాక్ష్యం తీసుకోదు. కింద తయారైన రికార్డే దానికి దిక్కు. అందుకే తీర్పు చేతికి రాగానే బాధితుడి కథలో పడిపోకండి. ఏ అంశాన్ని ఏ కొలతతో చూస్తున్నామో కోర్టు చెప్పే వాక్యం ఒకటి ఉంటుంది, మామూలుగా కేసు నేపథ్యం ముగిసిన వెంటనే. ముందు దానికింద గీత గీయండి. చాలా కేసుల్లో ఫలితం అక్కడే వాసన కొడుతుంది.

ఎందుకంటే, వాస్తవాల విషయంలో కోర్టు చేతులు దాదాపు కట్టేసినట్టే. సహేతుకంగా ఆలోచించే ఎవరైనా వేరే నిర్ణయానికి రాక తప్పదు అన్నంత గట్టిగా రికార్డు ఉంటేనే కింది నిర్ణయాన్ని కదపాలని చట్టం. 'నేనైతే నమ్మేదాన్ని' అని జడ్జికి అనిపించినా చాలదు. క్రికెట్‌లో అంపైర్స్ కాల్ ఎలాగో ఇదీ అంతే. నాకైతే, ప్రాణం మీదికొచ్చిన కేసుల్లో ఇది మరీ కఠినమైన కొలత. చట్టాన్ని తప్పుగా అర్థం చేసుకున్నారంటే మాత్రం కోర్టు మొదటి నుంచీ తానే చూస్తుంది.

టార్చర్ రక్షణకీ, అంటే చిత్రహింస పెట్టే దేశానికి తిప్పి పంపకుండా ఆపే రక్షణకీ, ఇదే లెక్క. కొన్ని నేరాల్లో శిక్ష పడినవాళ్ల టార్చర్ కేసుల్లో వాస్తవాల జోలికి కోర్టులు వెళ్లకూడదని ప్రభుత్వం వాదించేది. 2020లో నస్రల్లా కేసులో సుప్రీంకోర్టు 7-2 తేడాతో కాదంది. వెళ్లొచ్చు, కానీ ఆ కఠినమైన కొలతతోనే.

ఇప్పుడు అభ్యాసం. ఇవి నేను కల్పించిన వాక్యాలు.

ఒకటి: "మొదట ఇద్దరు పోలీసులు కొట్టారన్నాడు, తర్వాత నలుగురన్నాడు. నమ్మదగిన సాక్షి కాడు." ఇది వాస్తవం. దీన్ని పడగొట్టడం కష్టం.

రెండు: "ముఠా చేసే హింసకు పోలీసులు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్నారని రుజువు లేదు, కాబట్టి టార్చర్ రక్షణ ఇవ్వలేం." చూడ్డానికి ఇదీ వాస్తవంలాగే ఉంది. 'ఇష్టపూర్వకంగా' దగ్గర ఆగండి. చట్టం అంత అడగదు, అధికారులు తెలిసి కళ్లు మూసుకున్నా చాలు. బోర్డు 2000లో ఇలాంటి కొలతే పెడితే, 2003లో జెంగ్ కేసులో నైన్త్ సర్క్యూట్ కోర్టు అది తప్పని తోసిపుచ్చింది. అంటే ఈ వాక్యంలో ఉన్నది చట్టం దగ్గర తప్పు. పిటిషన్‌లో మొదటి పేజీలోకి రావాల్సింది ఇదే. చాలామంది దీన్ని వదిలేసి, ఇద్దరా నలుగురా అన్నదాని మీద పది పేజీలు ఖర్చుపెడతారు.

మూడోది మీకే వదిలేస్తున్నా: "అసైలం దరఖాస్తు నిలబడలేదు కాబట్టి టార్చర్ రక్షణ కూడా నిలబడదు." అసైలానికి మతం, జాతి, రాజకీయ అభిప్రాయం లాంటి కారణం చూపించాలి. టార్చర్ రక్షణకు ఆ కారణం అక్కర్లేదు, కానీ హింస జరిగే అవకాశం సగానికి మించి ఉందని చూపాలి. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని, తప్పు ఏ కోవలోకి వస్తుందో రాసి పెట్టుకోండి. జవాబు 5వ పాఠం మొదట్లో.