చిన్న కారు షెడ్డులో పెద్ద టూల్ చెస్ట్ – 4వ పాఠం: 9.10 అడుగులంటే ఎంత?

టూల్ చెస్ట్‌లో, అంటే పనిముట్లు పెట్టుకునే చక్రాల ఇనుప పెట్టెలో, ఏ సొరుగులో ఏవి పెట్టాలో ఈ పాఠంలో చెబుతానన్నాను. అది వచ్చే పాఠానికి జరుపుతున్నాను. షెడ్డు కొలిచి, కాగితం మీద గీసి పంపమన్నాను కదా. ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, బరంపురం నుంచి వచ్చిన కాగితాలన్నీ కూర్చుని చూశాను. గీతలు చక్కగా ఉన్నాయి. కొందరు స్విచ్‌బోర్డు, ఇన్వర్టరు కూడా గీశారు, చాలా సంతోషం. అంకెలే నమ్మేలా లేవు. అవి తేలకుండా సొరుగుల గురించి మాట్లాడి లాభం లేదు.

టేపు పట్టుకోవడం అందరికీ వచ్చు, దాని జోలికి వెళ్ళను. చిక్కంతా టేపు మీద చూసినదాన్ని కాగితం మీద రాసే దగ్గర వచ్చింది.

గుణుపురం కాగితంలో షెడ్డు వెడల్పు 9.10 అని ఉంది. పక్కనే ఫోన్‌లో లెక్క కట్టి 2774 మిల్లీమీటర్లు అని రాశారు. కింద ఇంకో మాట: ‘ఇంత ఇరుకులో 42 అంగుళాల చెస్ట్ కష్టం మాస్టారూ. విశాఖపట్నం ఫోన్ చేసి 26 అంగుళాలది పంపమంటాను.’ వెంటనే ఫోన్ చేసి, టేపు మీద ఏం కనిపించిందని అడిగాను. తొమ్మిది అడుగుల పది అంగుళాలట. అంటే 118 అంగుళాలు. అంగుళానికి 25.4 మిల్లీమీటర్లు కాబట్టి 118ని 25.4తో గుణించండి, 2997 వస్తుంది. ఆయన షెడ్డులో 223 మిల్లీమీటర్లు, దగ్గర దగ్గర తొమ్మిది అంగుళాల చోటు, ఒక చుక్క వల్ల పోయింది. చెస్ట్ కూడా పోయేదే.

ఎలా పోయిందో నిదానంగా చూడండి. చుక్క తర్వాత రాసిన అంకెని క్యాలిక్యులేటర్ పదో వంతులుగా తీసుకుంటుంది. అడుగుకి ఉన్నవి పన్నెండు అంగుళాలు. మీరు 9.10 అని నొక్కితే దానికి అది 9.1 మాత్రమే, చివరి సున్నాకి విలువ లేదు. తొమ్మిది అడుగుల ఒక అంగుళాన్ని మీరు ఎలా రాస్తారు? 9.1 అనే కదా. అంటే ఒక అంగుళమూ, పది అంగుళాలూ కాగితం మీద ఒకటే అయిపోయాయి.

పర్లాకిమిడి కాగితంలో తప్పు దీనికి ఎదురుగా జరిగింది. రెండు పిల్లర్ల మధ్య ఖాళీ 3.6 అని రాసి, అడుగుకి 304.8 మిల్లీమీటర్లు కదా అని దాన్ని 304.8తో గుణించి 1097 తేల్చారు. చెస్ట్ వెడల్పు 1070. ఇంకా 27 మిగులుతుందని ధైర్యంగా ఆర్డరు పెట్టబోతున్నారు. ఆయన కొలిచింది మూడు అడుగుల ఆరు అంగుళాలు. అది 42 అంగుళాలు, 1067 మిల్లీమీటర్లు. చెస్ట్ 3 మిల్లీమీటర్ల తేడాతో పిల్లర్ల మధ్యకి దిగదు. ఇనుప పెట్టెని ఆ 3 కోసం నొక్కలేం, పిల్లరు చెక్కనూ కూడదు.

ఇందులో ఒక వరస ఉంది, గమనించండి. ఒకటి నుంచి తొమ్మిది అంగుళాల దాకా చుక్క పెట్టి గుణిస్తే లేని చోటు ఉన్నట్టు చూపిస్తుంది, అంగుళానికి 5 మిల్లీమీటర్ల చొప్పున. ఏడు అడుగుల మూడు అంగుళాలు నిజానికి 2210, 7.3 అని గుణిస్తే 2225. తొమ్మిది అడుగుల ఆరు అంగుళాలు 2896, 9.6 అని గుణిస్తే 2926. పది, పదకొండు అంగుళాలు వచ్చేసరికి ఉన్న చోటుని దాచేస్తుంది. జయపురం నుంచి ఒకరు షట్టరు ఎత్తు 6.11 అని రాసి, 1862 అని లెక్క కట్టి, తల తగులుతుందేమోనని భయపడ్డారు. అది 83 అంగుళాలు, 2108. ఎవరికీ తల తగలదు.

అందుకే ఈ పాఠాల్లో ఇకనుంచి ఒకటే నియమం. కాగితం మీద మిల్లీమీటర్లే ఉండాలి. అడుగులు వద్దు, అంగుళాలు వద్దు, సెంటీమీటర్లు కూడా వద్దు. కాగితం మిల్లులో ఫిట్టరుగా పనిచేసినన్నాళ్ళూ నా చేతికి వచ్చిన డ్రాయింగులన్నీ మిల్లీమీటర్లలోనే ఉండేవి. 460 అని ఉంటే 460 మిల్లీమీటర్లు, అంతే. ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. మన దేశంలో మెట్రిక్ కొలతలు అమల్లోకి రావడం 1958 అక్టోబరులోనే మొదలైంది. అయినా ఇళ్ళు కట్టే దగ్గర అడుగులే నడుస్తున్నాయి. మేస్త్రి ఒడియాలో చెప్పినా, తెలుగులో చెప్పినా అడుగుల్లోనే చెబుతాడు. ఆయన్ని చెప్పనివ్వండి, మీరు మాత్రం టేపు తిప్పి రెండో అంచు చదవండి. అక్కడ 299.7 అని కనిపిస్తే చుక్క తీసేసి 2997 అని రాయండి. పాత ప్లానులో అడుగులే ఉంటే ముందు మొత్తం అంగుళాలు చేసుకుని, ఆ తర్వాతే 25.4తో గుణించండి. అడుగుల్ని నేరుగా 304.8తో గుణించే పద్ధతి పూర్తిగా మానేయండి.

చుక్క ఉన్న కాగితం ఇంకోసారి వస్తే చూడకుండా వెనక్కి పంపుతాను. కోపంతో చెప్పడం లేదు. వంద కిలోల వస్తువుని ట్రాన్స్‌పోర్టు గోడౌన్ నుంచి ఇంటికి తెచ్చుకుని, పట్టలేదని మళ్ళీ గోడౌన్‌కి మోసుకెళ్ళే మనిషిని చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఇక కొలత ఎక్కడ తీయాలి? గోడ నుంచి గోడకి తీసినవాళ్ళు ఎక్కువమంది ఉన్నారు. మన ఇళ్ళలో గోడ నాలుగున్నర అంగుళాలు, పిల్లరు తొమ్మిది అంగుళాలు. పిల్లరు బయటి వైపు గోడతో సమంగా ఉంటే లోపలికి 115 దాకా పొడుచుకొస్తుంది. కారు వెళ్ళాల్సింది పిల్లర్ల మధ్య నుంచి, చెస్ట్ కూర్చోవాల్సింది గోడకి ఆనుకుని. కాబట్టి రెండూ కావాలి. ఒక్కో కొలతా మూడు ఎత్తుల్లో తీయండి: నేల దగ్గర, నడుము ఎత్తులో, తల ఎత్తులో. నేల దగ్గర స్కర్టింగ్ టైలు 10–12 ముందుకుంటుంది, పైన ప్లాస్టరు ఉబ్బి ఉంటుంది. మూడింట్లో చిన్నదే మీ కొలత. షట్టరు వెడల్పు అంటే రెండు గైడ్ ఛానళ్ళ మధ్య ఉన్నది. షట్టరు ఎత్తు అంటే పూర్తిగా ఎత్తాక అడుగు పట్టీ కింద మిగిలింది.

చెస్ట్ కొలతలో అందరూ మరిచినది సొరుగు. మూసిన పెట్టె గోడ పక్కన పట్టిందంటే పని అయిపోయిందనుకున్నారు. తెరిచినప్పటి కొలతే అసలైనది. నేను ఉదాహరణకు తీసుకున్న చెస్ట్ వెడల్పు 1070, లోతు 460, చక్రాలతో కలిపి ఎత్తు 1000. సొరుగు పూర్తిగా లాగితే 400 ముందుకొస్తుంది. దాని ముందు వంగి సాకెట్ స్పానరు తీసుకునే మనిషికి 600 కావాలి. నేనైతే 700 వదులుతాను. పక్క హ్యాండిల్ వెడల్పుని పెంచుతుంది, మీ చెస్ట్‌ది ఎంతో కొలిచి కలపండి. పేరులో ఉన్న 42 అంగుళాల్లో అది ఉండకపోవచ్చు.

గుణుపురం షెడ్డులో పెట్టి చూద్దాం. పొడవు 16 అడుగులు, అంటే 4877. కారు వ్యాగనార్: పొడవు 3655, పక్క అద్దాలు వదిలేస్తే వెడల్పు 1620. పొడవులో 1222 మిగులుతుంది. వెనక బంపరుకీ షట్టరుకీ మధ్య 150 వదిలితే 1072. ఎదుటి గోడకి చెస్ట్ పెడితే స్కర్టింగ్ 12, లోతు 460, మొత్తం 472 పోయి 600 మిగిలింది. సొరుగు లాగితే మనిషికి 200. అందులో ఎవరూ నిలబడలేరు.

పక్క గోడకి పెడితే? 2997లో కారు పోగా 1377. డ్రైవరు దిగడానికి 600 వదిలితే 777. ఎడమ గోడకి చెస్ట్ పెట్టాక మిగిలేది 305. అద్దం మడిస్తే కారు పడుతుంది గానీ 400 రావలసిన సొరుగు కారు తలుపుని గుద్దుతుంది. పైగా ఆ వైపు పిల్లరు ఉంటే కారు లెక్కలోంచి ఇంకో 115 తీసేయాలి. చెస్ట్‌ని రెండు పిల్లర్ల మధ్య గోడకి నెడితే అది ముందుకొచ్చే లోతులో అదే 115 కలిసొస్తుంది, అదీ మధ్య ఖాళీ సరిపోతేనే.

అంటే కారు లోపల ఉండగా ఏ గోడ దగ్గరా సొరుగు వాడుకోలేం. దీనికి దిగులుపడి చిన్న చెస్ట్ కొనక్కర్లేదు. కారు నిలిపే వేళ వేరు, పనిచేసే వేళ వేరు. మూసిన చెస్ట్ కారుతో సర్దుకోవాలి, తెరిచిన చెస్ట్ మనిషితో సర్దుకోవాలి. రెండు లెక్కలు విడివిడిగా కట్టండి. ఈ షెడ్డుకి నేను ఎదుటి గోడే చెబుతాను. కారుని 400 వెనక్కి జరిపితే సొరుగుకీ మనిషికీ కావలసిన 1000 దొరుకుతుంది, కారు తోక షట్టరు దాటి 250 బయటికొస్తుంది. మీటరు జరిపితే బానెట్ ఎత్తి, వెనక్కి తిరిగి స్పానరు అందుకోవచ్చు. వానాకాలంలో డిక్కీ తడిస్తే తడవనివ్వండి. కారు ముందు చక్రాలు ఆగాల్సిన చోట నేలకి ఒక కర్రదిమ్మ బిగించండి. రోజూ చీకట్లో వచ్చి ఆపే కారు బంపరు సొరుగు హ్యాండిళ్ళకి తగలకుండా అదే కాపాడుతుంది.

ఎదుటి గోడకి ఒక చిక్కు ఉంది. కారు కడిగిన నీళ్ళు పోవడానికి షెడ్డు నేల షట్టరు వైపు వాలుగా పోస్తారు. చెస్ట్ ముఖం కూడా అటే. అరవైకి ఒకటి వాలు ఉంటే 460 లోతులో దాదాపు 8 మిల్లీమీటర్ల తేడా. బాల్ బేరింగ్ పట్టాల మీద బరువైన సొరుగు తనంతట తనే బయటికొచ్చేస్తుంది. రెండు మూడు సొరుగులు ఒక్కసారి వస్తే చెస్ట్ ముందుకు ఒరిగి మీద పడవచ్చు. చెస్ట్ పైన రసమట్టం (స్పిరిట్ లెవెల్) పెట్టండి. బుడగ నడిమికి వచ్చేదాకా ముందు చక్రాల కింద ఇనుప పలక ముక్కలు వేసి, ఆపైన ఇంకో 2 మిల్లీమీటర్లు వెనక్కి వాలేలా చేసి, బ్రేకులు నొక్కండి.

లోపలికి తేవడం గురించి క్లుప్తంగా చెబుతాను. సొరుగులన్నీ తీసేసి డొల్ల మాత్రమే మోయండి. చాలా చెస్ట్‌లకి పట్టాల్లో రెండు వైపులా చిన్న మీటలుంటాయి, ఒక వైపుది పైకి, రెండో వైపుది కిందికి నొక్కి లాగాలి. తీసిన సొరుగుకి, దాని గూటికి ఒకే అంకె రాసి అంటించండి. తిరిగి ఎక్కించేటప్పుడు పట్టాలో బేరింగ్ గుళ్ళని పట్టి ఉంచే పట్టీని పూర్తిగా ముందుకి లాగి ఉంచాలి, లేకపోతే గుళ్ళు రాలిపోతాయి. మెట్టు 150 ఉంటే 1200 పలక వేయండి. 120 కిలోల పెట్టెని ఎక్కించడానికి 15 కిలోల బలం, దానికి తోడు రాపిడి. పైనుంచి తాడుతో లాగండి. పలక దిగువన మనిషిని నిలబెట్టవద్దు.

ఇన్వర్టరు బ్యాటరీ ఉన్న మూల చెస్ట్‌కి వద్దు. ఛార్జింగ్ వేళ వచ్చే యాసిడ్ ఆవిరికి పనిముట్లు తుప్పు పడతాయి. హైడ్రోజన్ కూడా వస్తుంది కాబట్టి చెస్ట్‌తో గాలి దారి మూయడమూ మంచిది కాదు. కోరాపుట్ కొండల మీద ఉన్నవాళ్ళు, గోపాలపురం సముద్రం గాలి తగిలే బరంపురం వైపు వాళ్ళు చెస్ట్ వెనక కనీసం 25 ఖాళీ వదలండి, చెమ్మ గోడకి ఆనించవద్దు.

అభ్యాసం ఈసారి పెద్దదే. గళ్ళ కాగితం మీద షెడ్డుని 1:20 లెక్కన గీయండి. 4877 పొడవు 244 అవుతుంది, 2997 వెడల్పు 150, మామూలు ఏ4 కాగితంలో పడుతుంది. పిల్లర్లు, షట్టరు ఛానళ్ళు, ఇన్వర్టరు, స్విచ్‌బోర్డు అన్నీ అదే లెక్కలో ఉండాలి. అట్టముక్కలతో కారు, దాని తెరిచిన తలుపులు, మూసిన చెస్ట్, తెరిచిన సొరుగు, నిలబడ్డ మనిషి వేరువేరుగా కత్తిరించండి. చెస్ట్‌ని మూడు చోట్ల పెట్టి, ఒక్కో చోటా కారు లోపల ఉన్నప్పుడు ఒకటి, వెనక్కి జరిపినప్పుడు ఒకటి, మొత్తం ఆరు బొమ్మలు గీయాలి. అందులో మీకు నచ్చిన చోటుని షెడ్డు నేల మీద సుద్దతో అసలు కొలతల్లో గీసి, చెస్ట్ ఎత్తున అట్టపెట్టెలు పేర్చి, వారం పాటు కారు లోపల పెట్టి, బయటికి తీసి చూడండి. ఇంట్లో కారు నడిపే ప్రతి ఒక్కరి చేతా చేయించండి, ముఖ్యంగా రాత్రిపూట. అట్టపెట్టె ఎక్కడ నలిగిందో ఆ చోటు, నేల నుంచి దాని ఎత్తు, మిల్లీమీటర్లలో బొమ్మ మీద గుర్తు పెట్టి పంపండి. షట్టరు ఏ వైపుందో బాణం వేయండి.